చూర్ణం మీది చుక్క: మలయాళం పాత రేఫను డిజిటల్ పుస్తకంలో నిలబెట్టిన పని

టీచర్ మొదటి ప్రూఫులు తిప్పి పంపారు. ప్రతి పేజీలోనూ ఎర్ర ఇంకుతో ఒకటే దిద్దుబాటు: అక్షరం నెత్తిన చిన్న చుక్క. పక్కన మాట లేదు, వివరణ లేదు. ఇరవయ్యో పేజీ దాకా ఓపిగ్గా చుక్కలు పెట్టుకుంటూ వచ్చి, అక్కడ ఆపేసి ఫోన్ చేశారు. "మోనే, ముకళిల్ ఒరు కుత్తు" అన్నారు. పైన ఒక చుక్క. "పుస్తకం నిండా ఉంది, నీ కాగితాల్లో ఒక్కటీ లేదు. ఎక్కడికి పోయింది?"

ఎక్కడికి పోయిందో కనుక్కోవడానికి ఒక వారం పట్టింది. దాన్ని తెచ్చి మళ్లీ నిలబెట్టడానికి మూడు నెలలు. పాత తెలుగు పుస్తకాలు టైపు చేయిస్తున్నవాళ్లకు, ఫాంట్లు గీసేవాళ్లకు ఈ పనిలో తెలిసిన విషయాలు చాలావరకు పనికొస్తాయని నా నమ్మకం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పని ఇలా వచ్చింది. హైదరాబాదులో మేం ముగ్గురం కలిసి భారతీయ భాషల పాత పుస్తకాలను యూనికోడ్ పాఠంగా మార్చే పని చేస్తాం. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో తలా ఒక కోడ్ ఇచ్చే ప్రమాణం. కేరళలో ఒట్టప్పాలం దగ్గర ఊళ్లో ఉండే రిటైర్డ్ స్కూలు టీచర్ ఒకావిడ తన తండ్రి వాడిన మలయాళం వైద్య పుస్తకాన్ని పంపించారు. సీసపు టైపులతో అచ్చయింది, రెండు వందల పైచిలుకు పేజీలు, అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఆయన వైద్యుడు. అంచుల్లో పెన్నుతో తన అనుభవాలు రాసుకున్నారు. టీచర్ అడిగినవి మూడు. అచ్చులో ఎలా ఉందో పాఠం అలాగే ఉండాలి. మనవలు ఫోనులో ఇప్పటి స్పెల్లింగుతో వెతికినా దొరకాలి. కుటుంబం కోసం కొద్ది ప్రతులు మళ్లీ అచ్చు వేయాలి. విన్నప్పుడు మూడూ మామూలు కోరికల్లాగే అనిపించాయి. మొదటి రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయని అప్పటికి మాకు తట్టలేదు.

ఆ చుక్క ఏమిటి

తెలుగువాళ్లకు దీన్ని చెప్పడం తేలిక, ఎందుకంటే మనకూ ఇలాంటిది ఒకటి ఉంది. "ధర్మం" అని ఇప్పుడు రాసేటప్పుడు ర రాసి దాని కింద మ ఒత్తు ఇస్తాం. పాత పుస్తకాల్లో అలా కాదు. మ రాసి, దాని కుడిపక్కన తొమ్మిది అంకెలాంటి గుర్తు, ౯, పెట్టేవారు. అదే వలపలగిలక. వలపల అంటే కుడివైపు. బండికి కట్టిన జోడులో కుడివైపుదాన్ని వలపల ఎద్దు అంటారు కదా, అదే మాట. పలికేటప్పుడు ర ముందొస్తుంది, రాసేటప్పుడు దాని గుర్తు వెనకొస్తుంది. కన్నడంలో ఇదే గుర్తు ఇప్పటికీ రోజువారీ రాతలో ఉంది. దేవనాగరిలో రేఫ, అంటే హల్లుకు ముందు పలికే ర్, అక్షరం నెత్తికెక్కి కొక్కెంలా కూర్చుంటుంది. మలయాళంలో కూడా నెత్తికే ఎక్కింది, కానీ చుక్కలా. కొన్ని టైపుల్లో చుక్కలా, కొన్నింటిలో చిన్న నిలువు గీతలా ఉంటుంది. నేను దీన్ని చుక్క రేఫ అంటాను.

1971 ఏప్రిల్ 15న కేరళ ప్రభుత్వం లిపి సంస్కరణను అమల్లోకి తెచ్చింది. టైప్‌రైటర్‌కీ అచ్చు యంత్రాలకీ సరిపోయేలా టైపుల సంఖ్య తగ్గించడం దాని ఉద్దేశం. ఉకారం, ఊకారం గుర్తులను హల్లు నుంచి విడదీశారు. చాలా సంయుక్తాక్షరాలను విడగొట్టారు. చుక్క రేఫ స్థానంలో, హల్లుకు ముందు విడిగా రాసే "ర్" చిల్లు వచ్చింది. చిల్లు అంటే అచ్చు లేకుండా నిలబడే హల్లుకు మలయాళంలో ఉన్న ప్రత్యేక రూపం. మన నకారపొల్లు లాంటిదని అనుకోవచ్చు. అప్పటి నుంచి బడి పుస్తకాల్లో చుక్క లేదు. టీచర్ అక్షరాలు దిద్దింది అంతకుముందు. కాబట్టి ఆవిడ చేతిరాతలో చుక్క ఇప్పటికీ ఉంది. ఆవిడ తర్వాత బడిలో చేరిన చెల్లెలి చేతిరాతలో లేదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లి నేర్పిన భాషలో, రెండు రాతలు.

యూనికోడ్‌లో చోటు దొరికిన తీరు

ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. ఎందుకంటే ఆ నిర్ణయం ఎలా జరిగిందో అర్థమైతేనే మిగతా తంటాలన్నీ అర్థమవుతాయి.

రేఫకు విడిగా కోడ్ ఎందుకు అని ఎవరైనా అడుగుతారు. దేవనాగరిలో లేదు. ర, దాని కింద విరామం (అచ్చును తీసేసే గుర్తు, మన పొల్లు లాంటిది), ఆ తర్వాత హల్లు: ఈ మూడూ వరసగా వస్తే ఫాంటే కొక్కెం వేసేస్తుంది. మలయాళంలో అలా కుదరదు. "కార్యం" తీసుకోండి. ర, విరామం, య వరసగా టైపు చేస్తే మలయాళంలో ర నిండుగా నిలబడి, య దాని పక్కన ఒత్తులా చేరుతుంది. అది సరైన రాత, ఇప్పటికీ వాడుతున్న రాత. పాత పుస్తకాల్లో అదే మాట ఇంకోలా కూడా కనబడుతుంది: య జంటగా, దాని నెత్తిన చుక్క, అంటే "కార్య్యం". రెండు రాతలూ నిజమైనవే. ఒకే కోడ్ వరస రెండిటికీ పనికిరాదు.

సరే, మధ్యలో జీరో విడ్త్ జాయినర్ పెడదామా? కంటికి కనబడకుండా "ఇక్కడ కలిపి చూపించు" అని చెప్పే సంకేతం అది. ఆ దారి కూడా అప్పటికే మూసుకుపోయింది. చిల్లులకు విడి కోడ్‌లు లేని రోజుల్లో ర, విరామం, జాయినర్ వరసను జనం "ర్" చిల్లు కోసం వాడేశారు. అప్పటికే బోలెడంత మలయాళం పాఠం అలా టైపై ఉంది. చిల్లులకు విడి కోడ్‌లు కావాలా వద్దా అన్నదాని మీద మలయాళ కంప్యూటింగ్ వాళ్ల మధ్య ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి 2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఆరు చిల్లులకు చోటిచ్చారు. అలా ఇచ్చినా పాత పాఠం పాతగానే ఉంటుంది. అదే వరసకు ఇప్పుడు "చుక్క రేఫ" అనే కొత్త అర్థం ఇస్తే, పాత పేజీల్లో చిల్లులన్నీ రాత్రికి రాత్రే చుక్కలైపోతాయి.

ఇక మిగిలింది విడి కోడ్ ఒక్కటే. 2010 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో, మలయాళ విరామానికి పక్క గదిలోనే, 0డీ4ఈ దగ్గర, దీన్ని చేర్చారు. పెట్టిన పేరు గమనించండి: మలయాళం లెటర్ డాట్ రెఫ్. గుర్తు అనలేదు, అక్షరం అన్నారు. కంటికి గుణింతపు గుర్తులా నెత్తిన కనబడుతుంది కానీ, లక్షణాల పట్టికలో అది క, ఖ, గ లాంటి అక్షరమే. ఇంకోటి, పాఠంలో అది హల్లుకు ముందే రావాలి. పలికే క్రమంలో ర ముందు కాబట్టి కోడ్ క్రమంలోనూ అదే ముందు. తెర మీద తర్వాతి హల్లు నెత్తికి ఎక్కించడం అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్ పని.

ఇది సరైన నిర్ణయమే అని మూడు నెలల పని తర్వాత నేను నమ్మకంగా చెప్పగలను. చాలా బ్రౌజర్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ వాడే హార్ఫ్‌బజ్ అనే అక్షర కూర్పు ఇంజిన్ లోపల భారతీయ లిపుల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో రేఫను ఎలా గుర్తుపట్టాలో లిపికొక పద్ధతి రాసి ఉంటుంది. కన్నడానికి: ర, విరామం కనబడితే చాలు, రేఫ అనుకో. తెలుగుకు: ర, విరామం, జాయినర్ మూడూ ఉంటేనే రేఫ. మలయాళానికి: విడి అక్షరంగానే వస్తుంది, వెనక్కి జరుపు. పక్కపక్క రాష్ట్రాల లిపులు, ఒకే ధ్వని, మూడు పద్ధతులు. మన వలపలగిలక అదృశ్య సంకేతం మీద ఆధారపడి బతుకుతోంది. పాఠాన్ని శుభ్రం చేసే ప్రోగ్రాములు చాలావరకు ఆ జాయినర్‌ను చెత్త అనుకుని తీసేస్తాయి. తీసేసినా మాట చెడదు, "ధర్మం" ఇప్పటి రూపంలో కనబడుతుంది. కానీ పాత అచ్చులో వలపలగిలక ఉండేదన్న సాక్ష్యం పోతుంది. మలయాళం చుక్కకు ఆ భయం లేదు. అక్షరాన్ని ఎవరూ ఊరికే తీసేయరు.

కనీసం పాఠంలోకి వచ్చాక తీసేయరు. మా చుక్కలు అసలు పాఠంలోకే రాలేదు.

చుక్కను ఎవరు తినేశారు

మేమే. మా స్కానింగ్ వరసలో మొదటి మెట్టు మరకలు తుడవడం. పాత కాగితం మీద పురుగు మచ్చలు, ధూళి, సిరా చినుకులు ఉంటాయి. ఒక పరిమాణం కన్నా చిన్నగా, దేనికీ అంటుకోకుండా ఉన్న నల్లటి చుక్కలను ప్రోగ్రామ్ చెరిపేస్తుంది. తెలుగు పుస్తకాలకు ఏళ్లుగా అదే సెట్టింగ్ వాడుతున్నాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. తెలుగులో ఇలా అక్షరం నెత్తిన విడిగా నిలబడే చుక్క లేదు, సున్న కూడా దానికన్నా చాలా పెద్దది. ఈ మలయాళం పుస్తకంలో రేఫ 300 డీపీఐ (అంగుళానికి 300 బిందువులు) స్కానులో నాలుగైదు పిక్సెళ్లు మాత్రమే. దేనికీ అంటుకోదు. ప్రోగ్రామ్ దృష్టిలో అది దుమ్ము.

వైద్య పుస్తకంలో ఎక్కువగా వచ్చే మాటలేమిటో ఆలోచించండి. చూర్ణం. కర్పూరం. "కలిపి" అనే అర్థంలో ప్రతి యోగంలోనూ వచ్చే "చేర్త్తు". మూడింటిలోనూ రేఫే. మా ఫైల్లో చూర్ణమంతా "చూణ్ణం" అయింది. జ్వరానికి వాడే షడంగ కషాయంలో పర్పాటకం ఒక దినుసు, మలయాళంలో దాన్ని పర్ప్పటకం అంటారు. చుక్క పోయాక అది "పప్పటకం" అయి కూర్చుంది. "మందు మొక్క కాస్తా అప్పడంలా వినిపిస్తోంది" అన్నారు టీచర్. ఆవిడే ఇంకో ఉదాహరణ చెప్పారు: "వార్త్త" అంటే వార్త. చుక్క తీసేస్తే "వాత్త". వాత్త అంటే మలయాళంలో పెద్ద బాతు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెకర్ కూడా పట్టుకోదు.

మరకలు తుడిచే మెట్టు తీసేసి, 600 డీపీఐలో రంగు స్కాన్ మళ్లీ చేయించాం. అప్పుడు సమస్య తిరగబడింది. చుక్కలు వచ్చాయి, వాటితో పాటు పురుగు మచ్చలూ వచ్చాయి. బొమ్మలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ప్రోగ్రామ్, ఓసీఆర్, ఎక్కడ పడితే అక్కడ రేఫలు పెట్టేసింది.

ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది పాత రాతలోని ఒక అలవాటు. రేఫ తర్వాత వచ్చే హల్లును జంట చేయడం. "అచో రహాభ్యాం ద్వే" అని పాణిని సూత్రం. ర, హ తర్వాత హల్లు రెండింతలు కావచ్చు. మన తెలుగు శాసనాల్లో "ధర్మ్మ" అని కనబడేది దీనివల్లే. మలయాళం దీన్ని ఈ రోజుకీ వదల్లేదు, "వర్మ్మ" అనే రాస్తారు. అంటే చుక్క నిజమైనదైతే దాని కింద చాలావరకు జంట హల్లు ఉండాలి. ఒంటి హల్లు మీద చుక్క కనబడితే అనుమానించాలి. "వర్షం"లోని ష జంట కాదు, ఇలాంటివి కొన్ని ఉన్నాయి. వాటి జాబితా టీచర్ రాసిచ్చారు. ఈ ఒక్క నియమంతో అనుమానపు చోట్లు మనిషి కూర్చుని చూడగలిగినన్నిటికి దిగాయి. రంగు కూడా సాయపడింది: అచ్చు సిరా నల్లన, పురుగు మచ్చ గోధుమ రంగు.

చేతి క్రమం, నోటి క్రమం

అనుమానపు చోట్లు చేత్తో టైపు చేయడానికి ఇద్దరు మలయాళీ కుర్రాళ్లను పెట్టుకున్నాం. ఫోన్ కీబోర్డులో ఈ అక్షరం వెతుక్కోవడం కష్టమని కీబోర్డులు తయారుచేసుకునే కీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చిన్న లేఅవుట్ తయారుచేసి ఇచ్చాం. మొదటి రోజు ఫైలు చూస్తే చుక్కలన్నీ ఒక అక్షరం అవతలికి జరిగి ఉన్నాయి. కొన్నిచోట్ల చుక్క కింద అక్షరమే లేదు, ఖాళీ గుండ్రటి చుక్కల వలయం కనబడుతోంది.

వాళ్ల తప్పు కాదు. కాగితం మీద ఎవరైనా హల్లు రాశాకే నెత్తిన చుక్క పెడతారు. టీచర్ రాస్తుంటే వీడియో కాల్‌లో చూశాను: చూ రాశారు, జంట ణ రాశారు, సున్న పెట్టారు, మాటంతా అయ్యాక పెన్ను వెనక్కి తెచ్చి చుక్క పెట్టారు. చేతికి రేఫ అన్నిటికన్నా చివర. నోటికి ణ కన్నా ముందు. యూనికోడ్ నోటి మాట వింటుంది. కుర్రాళ్లు చేతి మాట విన్నారు.

రెండు పనులు చేశాం. లేఅవుట్‌లో చుక్క మీటను తీసేసి, "ర్" అని పలికే మీటల వరసకే ఆ అక్షరాన్ని కట్టాం. ఇక పలుకుతూ టైపు చేస్తే చాలు, క్రమం దానంతటదే కుదురుతుంది. రెండోది, ఫైలు సేవ్ అయిన ప్రతిసారీ నడిచే ఒక తనిఖీ: చుక్క రేఫ తర్వాత తప్పనిసరిగా హల్లు ఉండాలి. అచ్చు, గుణింతపు గుర్తు, సున్న, ఖాళీ, ఏది వచ్చినా ఎర్రగా చూపించాలి. రాయడానికి ఒక్క లైను. మొత్తం ప్రాజెక్టులో మాకు ఎక్కువ తప్పులు పట్టిచ్చింది ఆ లైనే.

ఫాంటు

లోపలి పేజీలకు సంప్రదాయ లిపికి పూర్తిగా మద్దతిచ్చే "రచన" ఫాంటు తీసుకున్నాం. పాత లిపిని కంప్యూటర్‌లో నిలబెట్టాలని 1999లో కేరళలో మొదలైన ఉద్యమం పేరే ఆ ఫాంటుకూ ఉంది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ సంఘం ఏళ్ల తరబడి దాన్ని యూనికోడ్‌లో పోషించింది. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి మా పుస్తకంలో పొదగడానికి అడ్డు లేదు. అందులో చుక్క చక్కగా కూర్చుంది, మాకు చేయడానికి ఏమీ మిగల్లేదు.

దెబ్బ తిన్నది శీర్షికల కోసం మేం సొంతంగా గీసుకున్న ఫాంటులో. చుక్క నెత్తికెక్కకుండా పక్కన నిలబడింది. కారణం, యూనికోడ్‌లో అది "అక్షరం" కాబట్టి మా ఫాంటు తయారీ ప్రోగ్రామ్ దాన్ని నిలబడే అక్షరాల వర్గంలో వేసింది. ఫాంటు లోపల మాత్రం అది అతుక్కునే గుర్తు అని మనమే చెప్పాలి. పాఠానికి అక్షరం, ఫాంటుకు గుర్తు. ఈ రెండు ముఖాలు తెలియకపోతే రోజులు గడిచిపోతాయి. మాకు రెండు రోజులు పోయాయి.

వర్గం మార్చాక ఒంటి హల్లుల మీద సరిగ్గా కూర్చుంది. జంటల మీద మళ్లీ గాల్లోకి లేచిపోయింది. ప్రతి హల్లుకూ చుక్క అతికే బిందువు ఇచ్చాం కానీ, జంట ణ, జంట త, జంట మ లాంటి కూడిక రూపాలకు ఇవ్వలేదు. రేఫ ఎక్కువగా వచ్చేది జంటల మీదేనని పై భాగంలో చెప్పాను కదా! ఆ సంగతి తెలిసి కూడా ఫాంటు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాం. జంట ణ వెడల్పైన ఆకారం. చుక్క మధ్యన పెట్టాలా చివర పెట్టాలా అన్నది పాత అచ్చును పెద్దది చేసి చూసి తేల్చుకున్నాం.

ఫోన్లలో ఇంకో రకం దెబ్బ. ఫోనులో ఉన్న ఫాంటుకు ఈ ఒక్క అక్షరం తెలియకపోతే, ఫోను ఆ అక్షరం వరకే ఇంకో ఫాంటు నుంచి అరువు తెస్తుంది. చుక్క ఒక ఫాంటు, కింది హల్లు ఇంకో ఫాంటు. రెండింటినీ కలిపి పేర్చడం ఏ ఇంజిన్ చేతా కాదు. చుక్క కింద వలయం, పక్కన బోడి హల్లు కనబడతాయి. వెబ్ పేజీలోనే ఫాంటును పంపడం తప్ప దీనికి మందు లేదు.

వెతుకులాట, కాపీ

ఒకే "ర్" ధ్వనికి మలయాళం పాఠంలో నాలుగు రాతలు దొరుకుతాయి: చుక్క రేఫ, విడి కోడ్ ఉన్న చిల్లు, జాయినర్‌తో కట్టిన పాత చిల్లు, ఉత్త ర విరామం. యూనికోడ్ ప్రామాణీకరణ వీటిని ఒకటిగా చేయదు. కంప్యూటర్‌కు ఇవి నాలుగు వేర్వేరు మాటలు. దానికి తోడు హల్లు జంటా ఒంటా అన్న తేడా.

మాలో ఒకరు, పాఠంలోనే చుక్కలన్నిటినీ చిల్లులుగా మార్చేద్దాం, చదివేవాళ్లకు హాయి అన్నారు. నేను ససేమిరా అన్నాను. ఈ పుస్తకంలో ఒకే పేజీలో "చేర్త్తు" ఒకచోట చుక్కతో, ఇంకోచోట చిల్లుతో ఉంది. టైపులు కూర్చే కంపోజిటర్ గడిలో ఆ టైపు అయిపోయిందో, ఇద్దరు కూర్చి కట్టారో, ఆ తేడా అచ్చు చరిత్ర. మార్చేస్తే తిరిగి రాదు. రాతను ముట్టుకోకుండా వెతికే సూచికను మార్చాం. సూచికలోనూ, వెతికే మాటలోనూ నాలుగు రాతలనూ ఒక్కటి చేసి, ఆ తర్వాతి జంట హల్లును ఒంటిగా చేసి పోలుస్తాం. "కార్యం" అని కొత్తగా కొట్టినా "కార్య్యం" దొరుకుతుంది. తెర మీద మాత్రం అచ్చులో ఉన్నట్టే చూపిస్తాం. టీచర్ అడిగిన మొదటి రెండు కోరికలూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా నిలబడింది ఇలాగే.

పీడీఎఫ్ దగ్గర ఎవరూ చెప్పని చిక్కు ఒకటి తగిలింది. తెర మీద చుక్క బొమ్మ హల్లు బొమ్మ తర్వాత గీయబడుతుంది. పీడీఎఫ్ బొమ్మల క్రమాన్నే దాచుకుంటుంది. అందులోంచి "చూర్ణం" కాపీ చేసి ఇంకోచోట పెడితే చుక్క జంట ణ దాటి సున్న ముందుకు వెళ్లి కూర్చుంది. కంటికి కనబడే పేజీ సరిగ్గా ఉంది, కాపీ చేసిన పాఠం చెడింది. ప్రతి మాటకూ దాని అసలు పాఠాన్ని పీడీఎఫ్‌లో విడిగా జతచేసే సదుపాయం వాడి సరిచేశాం. పీడీఎఫ్ నుంచి పాఠం తీసి నమూనాలు పోగుచేసేవాళ్లు మన భాషలన్నిటికీ ఇలాంటి క్రమభంగం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

ఎడిటర్‌లో కర్సర్ విషయం చిన్నదే. కొత్త యూనికోడ్ నియమాల ప్రకారం చుక్క రేఫ తర్వాతి హల్లుతో కలిసి ఒకే అక్షరపు ముక్క. మేం వాడిన లైబ్రరీ పాతది, రెండు ముక్కలుగా లెక్కపెట్టి లైను చివర చుక్కను ఒంటరిగా వదిలేసింది. లైబ్రరీ మార్చాం, అయిపోయింది.

ఈ పని అయ్యాక మా తెలుగు ఫైళ్ల వైపు తిరిగి చూశాను. వలపలగిలక కోసం ఒకప్పుడు నేనే తొమ్మిది అంకె కొట్టిన పేజీలు ఉన్నాయి. చూడ్డానికి అచ్చు అలాగే ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం "కర్మ" కోసం కొట్టిన "కమ౯" అంటే కమ, ఆ పక్కన తొమ్మిది. ఆ పేజీలను ఇప్పుడు ర, విరామం, జాయినర్ వరసకు మారుస్తున్నాం, జాయినర్‌ను తీసేయకుండా శుభ్రపరిచే ప్రోగ్రామ్‌కు మినహాయింపు రాశాం. 2014లో మన ఴకూ, 2021లో నకారపొల్లుకూ విడి కోడ్‌లు వచ్చాయి. ఆ పాత అక్షరాలు ఉన్న పుస్తకాలు టైపు చేసేటప్పుడు ళతోనూ, న విరామంతోనూ సరిపెట్టుకోవడం మానేశాం.

తుది ప్రతి ఒట్టప్పాలం పంపాం. పది రోజులకు టీచర్ నుంచి ఒక్క పేజీ ఫొటో వచ్చింది. ఎర్ర ఇంకు, ఒకే చుక్క. అచ్చు స్కాన్ తీసి చూశాను. అక్కడ అచ్చులో చుక్క లేదు, కంపోజిటర్ వదిలేశాడు. అచ్చులో ఉన్నట్టే ఉంచాలన్నది ఆవిడ పెట్టిన నియమమే కదా అని చెబుదామని ఫోన్ తీశాను. మాట్లాడే ముందు ఎందుకో రంగు స్కాన్ ఇంకా పెద్దది చేశాను. జంట ణ నెత్తిన నీలి సిరాతో సన్నటి చుక్క. అచ్చుది కాదు. పెన్నుతో పెట్టింది. అంచులో ఉన్న రాతల సిరా కూడా అదే నీలం.

"అచ్ఛన్ పెట్టారు" అన్నారు టీచర్. "నాన్నకు తప్పు కనబడితే ఊరుకోరు."

ఆ చోట చుక్క రేఫ చేర్చాం. పాఠభేదాల పట్టికలో ఆ మాటకు ఎదురుగా, అచ్చులో లేదు, వైద్యుడు చేతితో దిద్దారు అని రాశాం.